సిల్వెస్టరు మార్షు – పర్వతమెక్కిన రైలుబండి

విద్యార్థులారా! మీలో కొందరు ఉదకమండలమునకు పోవు రైలుబండి నెక్కియుండవచ్చును. మెట్టుపాళయమునుండి కూనూరు చేరు త్రోవలో కొండ మిక్కిలి నిటారుగా నుండుటచే పట్టాల నడుమ పళ్లపట్టె యమర్చబడియున్నది. ఇంజను క్రిందనున్న పళ్లచక్రము ఆ పళ్లను పట్టుకొని పైకి ప్రాకును. ఇట్టి ఉపాయముతో పర్వతశిఖరమునకు రైలును లోకమున మొట్టమొదట నడిపినవాడు అమెరికా దేశీయుడగు సిల్వెస్టరు మార్షు. ఆయన చరిత్రము మనకు తెలిసికొనదగినది.

మార్షు 1803వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన న్యూ హాంప్‌షైరు రాష్ట్రమందలి కాంప్టను గ్రామమున ఒక సేద్యగాని యింట జన్మించెను. ఇంట బిడ్డలు పెక్కుమంది; పొలము పని విస్తారము; చదువునకు దొరికిన కాలము స్వల్పము. యౌవనారంభమున పని వెదకుకొనుచు కాలినడకను బోస్టను నగరము చేరెను. కొంతకాలమునకు చికాగోకు పోయెను. ఆనాటి చికాగో చిన్న ఊరు. అచ్చట మాంసపు వర్తకమున ధనమార్జించి, 1837లో దేశమంతట కలిగిన ఆర్థిక సంక్షోభమున దానిని పోగొట్టుకొనెను. అయినను అధైర్యపడక ధాన్యవ్యాపారమునకు దిగి, ధాన్యము నారబెట్టు యంత్రములను కల్పించి, మరల ధనవంతుడయ్యెను.

ఏబది యేండ్లు దాటినపిమ్మట వర్తకము చాలించెను. 1857లో ఒక మిత్రునితోకూడ వాషింగ్టను పర్వతము నెక్కబోయెను. దాని యెత్తు 6,288 అడుగులే యైనను, అచ్చటి గాలివానలు మిక్కిలి క్రూరములు. 1934లో ఆ శిఖరమున గంటకు 231 మైళ్ల వేగముతో గాలి వీచెను. మిత్రులిద్దరును త్రోవలో తుపానునకు చిక్కి, చీకటిలో తడుముకొనుచు, ప్రాణములు దక్కునో దక్కవో యను స్థితిలో శిఖరముపైని వసతిగృహము చేరిరి. వృద్ధులును బలహీనులును కూడ సురక్షితముగా ఈ శిఖరమును చూడగల త్రోవ యొకటి కావలెనను తలంపు నాడే మార్షు మనస్సున నాటుకొనెను.

1858లో ఆయన తన చిన్న నమూనాను రాష్ట్ర శాసనసభ యెదుట నుంచి అనుమతి కోరెను. సభ్యులు నవ్విరి. చంద్రమండలమువరకు రైలు వేసికొనుటకును అనుమతి నిచ్చెదమని ఒకరు పరిహాసమాడిరట. అనుమతి దొరకెనుగాని ధనమిచ్చువారు దొరకలేదు. అంతలో దేశమున అంతర్యుద్ధము చెలరేగి, 1865వరకు పని సాగనీయలేదు. మార్షు నవ్వినవారికి మాటలతో బదులు చెప్పలేదు. 1866లో సొంత ధనముతో కొండ యడుగున కొద్దిదూరము పట్టాలు పరపించెను. ఇంజనును భాగములుగా విడదీసి ఎడ్లబండ్లపై అడవిలోనికి తెప్పించెను. దాని బాయిలరు కారపు పులుసు సీసావలె నిలువుగా నుండుటచే జనులు దానికి ఆ పేరే పెట్టిరి. ఆగస్టు 29వ తేదీన అది వాలుమీద ఎక్కి దిగుట చూచినపిమ్మటనే ధనవంతులకు నమ్మకము కుదిరెను.

ఎక్కుటకంటె దిగుటయే కష్టమని మార్షు గ్రహించెను. అందుచేత ఇంజను ఎల్లప్పుడును పెట్టెకు దిగువనే యుండి, ఎక్కునపుడు దానిని నెట్టును, దిగునపుడు కాచును. పెట్టెకు వేరుగా బ్రేకులు కలవు. బండి వెనుకకు జారకుండ పళ్లచక్రమును అడ్డగించు కొక్కెము కూడ కలదు. 1869వ సంవత్సరము జూలై 3వ తేదీన బండి శిఖరము చేరెను. త్రోవ పొడవు సుమారు మూడు మైళ్లు. మిక్కిలి నిటారగు చోట నూరడుగులకు ముప్పదియేడడుగులు ఎక్కవలెను. ఆ ఆగస్టునందే దేశాధ్యక్షుడగు గ్రాంటు ఆ బండిలో ప్రయాణము చేసెను. స్విట్జర్లాండులో ఇట్టి యత్నమే చేయుచుండిన రిగ్గెన్‌బాకు 1871లో రిగీ పర్వతమునకు రైలు నడిపెను. ఆయన వద్ద పనిచేసిన రోమను ఆబ్టు కల్పించిన పళ్లపట్టెయే 1899లో మన నీలగిరుల నెక్కినది.

మార్షు 1884వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన కాంకార్డు నగరమున దివంగతుడయ్యెను. ఆయన యంత్రమెంత మంచిదైనను మనుష్యుని జాగరూకత తప్పిన కీడు తప్పదు. 1967లో పట్టాలు మారుచోట త్రోవ సరిగా కూర్పబడనందున బండి పడిపోయి ఎనిమిదిమంది మరణించిరి.

ఒకసారి కొండ యెక్కుటకు ఆవిరి ఇంజనుకు సుమారు టన్ను బొగ్గును వేయి గేలన్ల నీరును కావలెను. 2008నుండి అచ్చట డీజిలు ఇంజనులు నడచుచున్నవి. వానిని కొండ యడుగున నున్న కర్మశాలలోనే కట్టిరి. ఇరువది గేలన్లలోపు నూనెతో అవి పోయి రాగలవు. పొగయు మిక్కిలి తగ్గెను. పాత ఆవిరి ఇంజనులు కొన్ని ఇంకను అప్పుడప్పుడు నడచుచున్నవి. బొగ్గు పోయి డీజిలు వచ్చినను, పట్టాల నడుమ మార్షు వేసిన పళ్లపట్టె విధానము మారలేదు.

బాలబాలికలారా! మంచి తలంపును లోకము నవ్వినచో వాదులాడక, కొద్దిదూరమైనను పట్టాలు వేసి చూపుడు. అట్లు చూపినదానినే జనులు నమ్ముదురు.