దోమ కడుపులో దొరికిన రహస్యం.. సికింద్రాబాద్‌లో చరిత్ర సృష్టించిన రొనాల్డ్ రాస్

1897 ఆగస్టు 20.. సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఉక్కపోతలో ఓ సైనిక డాక్టర్ మైక్రోస్కోప్ మీద వంగి కూర్చున్నారు. పంకా వేసుకుందామంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి. అయినా వదల్లేదు. ఆయనే రొనాల్డ్ రాస్!

1857లో అల్మోరాలో పుట్టిన రాస్‌కు డాక్టర్ కావాలని లేదు. ఇష్టమంతా కవిత్వం, బొమ్మల మీదే. సైన్యంలో జనరల్ అయిన తండ్రి మాట కాదనలేక వైద్యం చదివారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు.

చెడు గాలి వల్లే మలేరియా వస్తుందని జనం నమ్మిన రోజులవి. దోమల మీద అనుమానం ఉందని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ చెప్పడంతో రాస్ వేట మొదలైంది. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించుకునేందుకు ఒప్పించారు. ఒక్కో దోమకు ఒక్కో అణా! ఆ దోమలను కోసి చూస్తే, ఒక దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. ఆ సంబరంలో రాస్ పద్యం రాసుకున్నారు.

కానీ ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. నెల తిరగ్గానే బదిలీ! మలేరియా రోగులే దొరకని రాజపుతానాకు పంపేశారు. పని ఆగిపోయింది.

1898లో కలకత్తా వెళ్లాక అక్కడా రోగులు సరిగ్గా దొరకలేదు. దీంతో పక్షుల మీద పడ్డారు. జబ్బు పిచ్చుకను కుట్టిన దోమతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకను కుట్టిస్తే దానికీ జబ్బు వచ్చింది. క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోంచి వస్తోందని తేలిపోయింది. మనుషుల విషయంలో ఇదే సంగతిని ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. ఆ ఘనత ఎవరిదన్న గొడవ చాలాకాలం నడిచింది.

1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. 1932లో లండన్‌లో కన్నుమూశారు.

ఆయన పిచ్చుకల్లో చూసిన క్రిమి జన్యుక్రమం, కోళ్లకు మలేరియా తెచ్చే మరో క్రిమి జన్యుక్రమం 2018లో వెలువడ్డాయి. బేగంపేటలోని ఆ పాత భవనం ఇప్పటికీ రాస్ పేరుతోనే ఉంది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినోత్సవం. అణాల కోసం దోమలతో కుట్టించుకున్న హుస్సేన్ ఖాన్ పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?