చేతికాగితానికి అండగా నిలిచిన కుమారప్ప గారు

ఉద్యోగంలో చేరిన కొత్తలో కరీంనగర్ జిల్లా రికార్డు గదిలో పాత పట్వారీ లెక్కలు సర్దేవాణ్ణి. కోరుట్ల చేతికాగితం తావులు దిట్టంగా ఉండేవి. వాటి తర్వాతి మిల్లు కాగితం ముట్టుకుంటే విరిగేది. అటువంటి చేతిపనులు బతకాలని పాటుపడినవారు జె.సి. కుమారప్ప గారు.

1892లో తంజావూరులో పుట్టారు. లండన్‌లో ఆడిటింగు నేర్చి, బొంబాయిలో ఆడిటరుగా పనిచేశారు. అమెరికాలో అర్థశాస్త్రం చదివి వచ్చి, 1929లో గాంధీజీని కలిశాక ఖద్దరు కట్టారు. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి కార్యదర్శిగా వార్ధాలో చేతికాగితం వంటి పనులకు ఊపిరి పోశారు.

గుడ్డపీలికలు, జనుము నానబెట్టి, దంచి, ఆ గుజ్జును తొట్టి నీళ్లలో కలిపి జల్లెడతో ఎత్తి ఆరబెడితే ఒక తావు. పీచు కొంత మిగిలిస్తే గరుకుగా వచ్చి రంగునూ, జిగురునూ పట్టి ఉంచుతుంది. అందుకే చిత్రకారులకు అదంటే మక్కువ.

కుమారప్ప గారు 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే, కన్నుమూశారు. రాజస్థాన్‌లోని సంగనేరులో జాతీయ చేతికాగితపు సంస్థకు ఆయన పేరే పెట్టారు.

మొన్న మనుమరాలు బొమ్మలు అతికించడానికి గరుకు కాగితం కావాలంది. కాగితాల మీదే బతికిన గుమాస్తాను నేను. తావు వెనుక ఉన్న చేతులను ఏనాడూ తలచుకోలేదు. ఆ రోజు ఆమెకు కోరుట్ల కథ చెప్పాను.