రాత్రి ఆసుపత్రిలో, పగలు హార్వర్డ్‌లో

ఈమధ్య పన్నెండో తరగతి పిల్లలతో మాట్లాడుతుంటే ఒక సంగతి బయటపడింది. కాలేజీలో చేరాక ఖర్చులకు ఏదైనా పని చూసుకోవాలని కొందరికి ఉంది. ట్యూషన్లయితే ఫరవాలేదట. హోటల్లో బల్లలు తుడవాలంటే మాత్రం నామోషీ. పైగా నాన్నగారికి ఏ ఊరు బదిలీ అవుతుందో తెలియదు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో మనకు పని ఇప్పించేదెవరు? బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్ళు పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డ ఈ ఖరగ్‌పూర్‌లో ఆ ప్రశ్న వినగానే మాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొచ్చారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందే మానుకోవలసి రావడంతో ఇంట్లో డబ్బుకు కటకటగా ఉండేది. పదమూడేళ్ళప్పుడు సుబ్బారావు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. పరీక్ష తప్పి మొహం వేలాడేసుకున్న పిల్లలకు మేము ఈ ముక్క తప్పకుండా చెబుతుంటాం.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ కొలువు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు. అంతలో స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ముల్ని ఇద్దరిని పొట్టన పెట్టుకుంది; తనకూ వచ్చి, చావు తప్పింది. చివరికి మామగారి చలవతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికా ఓడ ఎక్కారు. అవి 1920ల తొలినాళ్ళు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు దొరికింది. చేతిలో డబ్బు మాత్రం నిలవలేదు. ఇక్కడ డాక్టరే అయినా, అక్కడ వైద్యం చేయడానికి లైసెన్సు లేదు. బోస్టన్‌లో తెలిసినవాళ్ళూ లేరు. దొరికిన పని ఒక్కటే: పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరు. మంచం దిగలేని రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగాలి. ఆ కాలంలో ఆయన పుట్టినటువంటి ఇళ్ళలో ఆ పని ఎవరూ చేసేవారు కారు, ఇంకొకరి చేత చేయించేవారు. వాళ్ళను ముట్టుకునేవారు కూడా కారు. సుబ్బారావు గారు ఆ పాత్రలు కడిగి, పొద్దున్నే క్లాసుకు వెళ్ళారు. 1924లో డిప్లొమా వచ్చింది.

ఆ తర్వాత జీవరసాయన శాస్త్రంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే ఇదే. రాత్రులు పారబోసి కడిగిన మూత్రాన్నే పగలు గాజు గొట్టాల్లో కొలిచారన్నమాట! 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. మీ పదకొండో తరగతి జీవశాస్త్రంలో వచ్చే ఏ.టి.పి.యే అది, దాన్ని కనుగొన్నవారిలో ఈయన ఒకరు. 1930లో పీహెచ్‌.డి. అందుకున్నారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. ఆయన నడిపించిన బృందం నుంచి ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, కేన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఫోలిక్ ఆమ్లం స్ప్రూకూ మందే, అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ జబ్బుకు. ప్రభుత్వ బడుల్లో వారానికోసారి పిల్లలు మొహం చిట్లించి మింగే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఒక సంగతి దాటేస్తారు. మాకు దాటేయాలనిపించదు. 1919లో పెళ్ళాడిన శేషగిరి గారిని ఇక్కడే వదిలి వెళ్ళారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. కొన్నాళ్ళలో తిరిగి రావాలనుకున్న మనిషి మరి రానేలేదు. రాత్రి పని, పగలు చదువు, ఆపైన ల్యాబు. ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. 1948 ఆగస్టులో అక్కడే, 53 ఏళ్ళకు కన్నుమూశారు. అప్పటికి శేషగిరి గారు ఆయన్ని చూసి దాదాపు పాతికేళ్ళయింది.