స్వరమేళనశాస్త్ర కర్త రామో

మన వైణికుడు రాగమాలపించునప్పుడు స్వరము వెంట స్వరము నడచును. పాశ్చాత్యుల గిటారుపై మూడు నాలుగు స్వరములు ఏకకాలమున మ్రోగును. దానిని వారు కార్డు అందురు. ఈ కార్డుల మర్మమును శాస్త్రముగ నిరూపించిన మహనీయుడు ఫ్రెంచి దేశీయుడైన జాఁ ఫిలిప్ రామో.

ఆయన 1683లో దిజోఁ పట్టణమున జన్మించెను. తండ్రి చర్చిలో ఆర్గను వాద్యకారుడు. కుమారుడును ఆ వృత్తినే చేపట్టి, పలు పట్టణములలో కొలువు చేయుచు, నలువదవ యేటికి సమీపించు వరకు అంతగా పేరెరుగని జీవితమునే గడపెను. 1722లో ఆయన రచించిన స్వరమేళన గ్రంథము పారిస్‌లో వెలువడగా పండితలోకము ఆయన వంక చూచెను.

అందలి ప్రధాన సూత్రమిది: అడుగున ఏ స్వరము నిలిచినను కార్డునకు మూలస్వరము మారదు. శంకరాభరణ స్వరములలో ధ స గ ప లను కలిపినచో ధైవతము మూలముగ మైనర్ సెవెంత్ కార్డు ఏర్పడును. స గ ప ధ, గ ప ధ స, ప ధ స గ అనునవి దాని విపర్యయములు. కూర్చున్న వరుస మారినను కుటుంబము మారదు కదా!

అయితే ఒక చిక్కు గలదు. స గ ప ధ అన్నప్పుడు షడ్జమే మూలమనియు, ధైవతము అదనముగ చేరినదనియు చెప్పవచ్చును. ఇట్టి ద్వైవిధ్యమును రామో గుర్తించి, దానికి ద్విప్రయోగమను అర్థము వచ్చు పేరు పెట్టెను. ముందు వెనుకల వచ్చు కార్డులే నిర్ణయము చేయవలెను.

రామో చెప్పిన సూత్రము గిటారు విద్యార్థికి నేటికిని ఉపకరించును. నాలుగు స్వరములను వరుసగా పట్టుట వ్రేళ్లకు కష్టము. అందుచే ధ స గ ప లో పైనుండి రెండవదైన గాంధారమును ఒక స్థాయి క్రిందికి దింపుదురు; గ ధ స ప అగును. సి స్వరము షడ్జమైనచో, నాలుగవ తంత్రిపై రెండవ మెట్టు, మూడవదానిపై రెండవది, రెండవదానిపై మొదటిది, మొదటిదానిపై మూడవది నొక్కవలెను. అడుగున గాంధారమున్నను మూలము ధైవతమే.

1733లో, ఏబదియవ యేట, రామో తొలి ఆపెరా రంగమెక్కెను. స్వరములు మితిమీరినవని కొందరు నిందించిరి. తరువాత రూసో, సంగీతమునకు ప్రాణము గానమేకాని మేళనము కాదని వాదించెను. గానమునకే పెద్దపీట వేసిన మనకు ఆ వాదము కొత్తగా తోచదు. రామో మాత్రము 1764లో మరణించు వరకు తన సిద్ధాంతమును విడువలేదు. ఆలస్యముగ ఫలించినను, విద్య వ్యర్థము కాదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.