మార్గరెట్ సాంగర్ జీవితం

నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లి అడిగిన గృహిణికి ‘మాలా-ఎన్’ అనే మాత్రల అట్టను ఉచితంగా ఇస్తారు. అందులో 28 మాత్రలు ఉంటాయి. 21 హార్మోను మాత్రలు. తక్కిన 7 ఇనుము మాత్రలు. అరచేతిలో ఇమిడే ఈ వస్తువు వెనుక ఒక స్త్రీ యావజ్జీవ పోరాటం ఉన్నదని, అందుకై ఆమె కారాగారవాసం సైతం అనుభవించినదని ఎరిగినవారు మనలో అరుదు. ఆమె పేరు మార్గరెట్ సాంగర్. ఆమె జీవితంలో కొనియాడదగినదీ ఉన్నది, హర్షింపరానిదీ ఉన్నది.

ఆమె 1879 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలోని కార్నింగు పట్టణంలో ఒక బీదకుటుంబంలో జన్మించినది. తల్లి 18 మార్లు గర్భం ధరించి, 11 మంది బిడ్డలకు తల్లియై, క్షయవ్యాధితో కృశించి 1899లో కన్నుమూసినది. ఆ మరణం కుమార్తె మనస్సులో చెరగని ముద్ర వేసినది.

అనంతరం ఆమె నర్సుగా న్యూయార్కు నగరపు పేదవాడలలో పనిచేసినది. వద్దనుకొన్న గర్భాన్ని నాటుపద్ధతులతో తొలగించుకోబోయి ప్రాణాలు కోల్పోయే తల్లులను కన్నులారా చూచినది. సంతాన నిరోధాన్ని గురించి తపాలాలో సమాచారం పంపడం సైతం 1873 నాటి శాసనం ప్రకారం నేరమే. ఆ శాసనాన్ని ధిక్కరించి ఆమె 1914లో ఒక పత్రికను నడిపినది. 1916 అక్టోబరులో బ్రూక్లిన్‌లో, ఆ దేశంలోకెల్ల మొట్టమొదటి సంతాన నిరోధ కేంద్రాన్ని తెరచినది. కొద్దిదినాలకే పోలీసులు దానిని మూసివేసినారు; మరుసటి యేడు ఆమెకు 30 దినాల శిక్ష పడినది.

1935 డిసెంబరులో ఆమె వార్ధాలో గాంధీ మహాత్ముని దర్శించినది. అధిక సంతానం స్త్రీకి భారమన్న విషయంలో వారిద్దరికీ భేదం లేదు. సంయమం ఒక్కటే మార్గమని ఆయన; సామాన్య సంసారికి సాధనం కావలెనని ఆమె. ఇద్దరూ తమ తమ అభిప్రాయాలను వీడలేదు. 1952లో బొంబాయిలో జరిగిన మహాసభలో అంతర్జాతీయ కుటుంబ నియంత్రణ సమాఖ్య ఏర్పడినప్పుడు ఆమె అక్కడనే ఉన్నది.

నీటితో మ్రింగే మాత్ర ఒకటి కావలెనన్నది ఆమె చిరకాల స్వప్నం. డెబ్బదియేండ్లు దాటిన పిదప గ్రెగరీ పింకస్ అనే శాస్త్రజ్ఞుని ఆ పనికి పురికొల్పినది. స్నేహితురాలు కాథరిన్ మెకార్మిక్ ధనసహాయం చేసినది. ఇచ్చట ఒక విచిత్రం జరిగినది. తొలుత తయారుచేసిన ప్రొజెస్టిన్‌లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజన్ కల్తీగా చేరినది. దానిని తొలగించి చూడగా నడుమ నడుమ రక్తస్రావం అధికమైనది. అందుచేత దానిని ఉద్దేశపూర్వకంగానే కలిపినారు. రెండు హార్మోనుల సంయుక్తమాత్ర పుట్టుక ఇట్టిది.

1956లో పోర్టోరికో దీవిలో పేదస్త్రీలపై దీనిని పరీక్షించినారు. అది పరీక్ష అని వారికి స్పష్టంగా చెప్పలేదు. వికారం, తలత్రిప్పు, తలనొప్పి హెచ్చుగా ఉన్నవని అక్కడి వైద్యురాలు తెలిపినా పరిశోధకులు పెడచెవిన పెట్టినారు. 1960లో అమెరికా ప్రభుత్వం దీనిని సంతాన నిరోధానికి అనుమతించినది. మరుసటి యేటనే రక్తం గడ్డకట్టిన వార్త వైద్యపత్రికకెక్కినది. 1966 సెప్టెంబరు 6వ తేదీన సాంగర్ మరణించినది. ఆ ప్రమాదాలపై 1970లో అమెరికా సెనేటు విచారణ జరిపినప్పుడు స్త్రీలే లేచి నిలదీసినారు. మాత్రతోపాటు హెచ్చరిక పత్రం ఇవ్వవలెనన్న నియమం ఆ యేడే వచ్చినది.

సాంగర్ దోషం మరొకటి ఉన్నది. కొందరు సంతానానికి అనర్హులనే యూజెనిక్సు వాదాన్ని ఆమె సమర్థించినది. అందుకే 2020లో న్యూయార్కులోని ఒక వైద్యకేంద్రానికి ఆమె పేరు తొలగించినారు.

తొలినాటి మాత్రలో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు. నేటి మాలా-ఎన్‌లో 30 మాత్రమే. క్రమం తప్పక వాడితే గర్భం రావడం అత్యల్పం. బహిష్టు క్రమబద్ధమౌతుంది, రక్తస్రావం తగ్గుతుంది. అండాశయ, గర్భాశయపు లోపొర క్యాన్సర్ల భయం తగ్గుతుంది. కాని రక్తనాళాలలో గడ్డలేర్పడే అపాయం కొద్దిగా ఉన్నది. అది గర్భిణికి, బాలింతకు ఉండే అపాయం కంటె తక్కువే. రొమ్ము క్యాన్సరు వాడేకాలంలో స్వల్పంగా హెచ్చవచ్చును. అధిక రక్తపోటు గలవారు, లోగడ రక్తం గడ్డకట్టినవారు, 35 ఏండ్లు దాటి పొగత్రాగేవారు, కన్నుల ముందు మెరుపులు కనబడి పార్శ్వపునొప్పి వచ్చేవారు దీనిని వాడరాదు. ఆరుమాసాల లోపు శిశువుకు పాలిచ్చే తల్లికి వేరే సాధనం మేలు. సుఖవ్యాధుల నుండి ఇది రక్షింపదు.

ఆళ్లగడ్డ నుండి బస్సులో నంద్యాలకు చదువుకు వచ్చే ఆడపిల్లలు రేపు తమకు తగిన కాలంలో తల్లులు కాగోరుతారు. ఆ హక్కు కోసం సాంగర్ చెరసాలకు వెళ్లినది. కాని పోర్టోరికో స్త్రీలకు దక్కనిది మరొకటి ఉన్నది: మ్రింగేముందు మేలుకీడులు తెలిసికొనే హక్కు. మాత్ర చేతికిచ్చేవారు ఒక్క నిమిషం కూర్చుండి, రక్తపోటు చూచి, ఈ రెండు మాటలూ చెప్పినప్పుడే ఆమె పోరాటం సంపూర్ణమౌతుంది.