కీర్తనకారులు పురుషోత్తమ చౌదరి గారు



జార్జి టౌన్‌లో కూడుకున్నా, దూరదేశంలో కూడుకున్నా మన తెలుగు ఆరాధనలో మనం తెరిచే పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అది ఎన్నిసార్లు పునర్ముద్రణ పొందినా అందులో మాటిమాటికీ కనిపించే పేరు పురుషోత్తమ చౌదరి గారిది.

వారు 1803 సెప్టెంబరు 5న అప్పటి గంజాం జిల్లాలోని మదనపురంలో జన్మించారు. వారి పూర్వులు వంగదేశపు బ్రాహ్మణులు. అనగా వారిదీ మనవలెనే వలస వచ్చిన కుటుంబమే. సంస్కృతాంధ్రములలో, సంగీతంలో మంచి ప్రవేశం సంపాదించారు. క్రైస్తవ కరపత్రములు చదివి, ఆలోచించి, 1833లో కటకంలో బాప్తిస్టు మిషనెరీల చేత బాప్తిస్మము పొందారు. ఆ దినములలో అగ్రకులస్థునికి ఆ నిర్ణయం చిన్నది కాదు. ఇల్లు, బంధుత్వం, పరువు అన్నీ పణంగా పెట్టవలసినదే.

తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో సువార్త ప్రకటించారు. కులభేదములను ప్రశ్నిస్తూ రచనలు చేశారు. ఆ కాలంలోనే మన మిషను స్థాపకులు శామ్యూల్ డే గారు విశాఖపట్నంలో దిగి, 1837లో మదరాసు చేరి ఇక్కడి తెలుగువారికి బోధించి, 1840లో నెల్లూరు వెళ్ళారు.

చౌదరి గారు చేసిన గొప్ప మేలు ఏమనగా, విశ్వాసులకు తమ సొంత రాగతాళములలో పాడుకొనే పాటలు ఇచ్చుట. పల్లవి, అనుపల్లవి, చరణములతో 100కు పైగా కీర్తనలు వ్రాశారు. త్రాహిమాం క్రీస్తు నాథ అన్నది పశ్చాత్తాప ప్రార్థనగా నేటికీ మన సంఘాలలో వినబడుచున్నది. వారు 1890లో ప్రభువునందు నిద్రించారు.

ఇక మన సంగతి. పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి గాని స్వరం ఉండదు. అచ్చు మాటలను కాపాడగలదు. బాణీ మాత్రం పెద్దల నోట పిల్లలు నేర్చుకుంటేనే నిలుస్తుంది. మన పిల్లలలో అనేకులకు తెలుగు అక్షరాలే రావు. రెండు చరణాలు పాడి ముగించే అలవాటు మనకూ వచ్చింది. సంఘంలో పాత బాణీలు ఎరిగిన తాతలు, అమ్మమ్మలు ఉండగానే వారిచేత పూర్తిగా పాడించి ఫోనులో రికార్డు చేసికొందము. సండేస్కూలులో నెలకొక కీర్తన నేర్పుదము. వలస కుటుంబంలో పుట్టిన ఆ భక్తుడు తెలుగువారికిచ్చిన పాట, వలస వచ్చిన మన ఇండ్లలో ఆగిపోకుండును గాక.