వేతన తీర్పు కోసం పదవిని వదులుకున్న మంత్రి – శ్రీ వి.వి. గిరి

బ్యాంకు ఉద్యోగుల చరిత్రలో 1954 మరపురాని సంవత్సరం. ఉద్యోగుల జీతాలపై వెలువడిన తీర్పును కేంద్ర ప్రభుత్వం తగ్గించివేయగా, అదే ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా ఉన్న శ్రీ వరాహగిరి వెంకటగిరి తన పదవికి రాజీనామా చేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన గిరి గారిని అందరూ ఎరుగుదురు. ఈ రాజీనామా సంగతి మాత్రం మన పిల్లలలో చాలామందికి తెలియదు.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరుపొందిన న్యాయవాది. గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య, కార్మికోద్యమాలు ఆయన మనసుపై చెరగని ముద్ర వేశాయి. ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే స్వదేశానికి తిరిగివచ్చి, కొంతకాలం ప్రాక్టీసు చేసి, క్రమంగా రైల్వే కార్మికుల మధ్యకు చేరారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను శాంతియుతంగా నడిపించారు. ఎ.ఐ.టి.యు.సి.కి రెండుసార్లు అధ్యక్షులయ్యారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా వారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

అది వేతనాలపై తీవ్రమైన చర్చ జరుగుతున్న కాలం. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. అదే ఏడాది ఏర్పడిన న్యాయవేతనాల కమిటీ వేతనాన్ని మూడు మెట్లుగా విభజించింది. కనీస వేతనం యజమాని స్తోమతతో నిమిత్తం లేకుండా ఇవ్వవలసినది. జీవన వేతనం మనిషి గౌరవంగా బ్రతకడానికి చాలినది. ఈ రెండింటి మధ్య ఉండేది న్యాయవేతనం. దీనికి మాత్రం పరిశ్రమ చెల్లింపు శక్తిని చూడవచ్చు. వివాదమంతా ఈ చెల్లింపు శక్తి దగ్గరే వచ్చేది. లాభాలు చాలవని యజమానులు, కడుపు నిండడం లేదని కార్మికులు. ఇరుపక్షాలూ కోర్టులను ఆశ్రయించడం కన్నా ఎదురెదురుగా కూర్చుని పరిష్కరించుకోవాలన్నది గిరి గారి సిద్ధాంతం. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది. అయితే ప్రభుత్వంలో దానికి తగినంత మద్దతు లభించలేదు.

ఇంతలో బ్యాంకుల వివాదం ముదిరింది. 1950 నాటి సేన్ తీర్పును సుప్రీంకోర్టు 1951లో కొట్టివేసింది. 1953లో శాస్త్రి ట్రిబ్యునల్ తీర్పు, 1954 ఏప్రిల్‌లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయం వచ్చాయి. ఆగస్టులో ప్రభుత్వం ఈ నిర్ణయాన్ని సవరించింది. చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్ల శాఖలు ఆ భారం మోయలేవని ప్రభుత్వ వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని ఏళ్ల తరబడి విచారణ జరిగి వచ్చిన తీర్పును ఒక పక్షానికి నష్టం కలిగేలా మారిస్తే, ఇక ఉద్యోగులు ఏ ట్రిబ్యునల్‌ను నమ్ముతారు? గిరి గారికి ఇది సమ్మతం కాలేదు. పదవి వదులుకున్నారు.

ఆ త్యాగం వృథా పోలేదు. ప్రభుత్వం నియమించిన బ్యాంకు అవార్డు కమిషన్ తరపున జస్టిస్ గజేంద్రగడ్కర్ 1955లో నివేదిక ఇచ్చారు. అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయాన్ని చాలావరకు పునరుద్ధరించాలని అందులో సిఫారసు చేశారు. అదే ఏడాది పార్లమెంటు దానిని చట్టం చేసింది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి కొలమానం నిర్ణయించింది. కుటుంబానికి ముగ్గురి తిండి ఖర్చు, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు వగైరాలకు 20 శాతం అని లెక్క కట్టింది. మన వేతన సవరణ చర్చలలో ఈ లెక్కను ఎన్నిసార్లు ఉదహరించారో సభ్యులకు తెలియనిది కాదు.

తరువాత గిరి గారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా, 1967 నుండి ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసినది ఆయనే. ఆ మరునాడే ఆ పదవికి రాజీనామా చేసి, ఎన్నికలో పోటీచేసి, ఆగస్టులో రాష్ట్రపతి అయ్యారు. 1974 మే నెలలో రైల్వే సమ్మెను ప్రభుత్వం కఠినంగా అణచినప్పుడు, ఆ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరైన గిరి గారే రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. మంత్రివర్గ సలహాకు కట్టుబడవలసిన పదవి అది. అయినా కార్మికులలో కొందరికి ఆ బాధ మిగిలిపోయింది.

1975లో భారతరత్న పొందిన గిరి గారు 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

1948 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2019లో వేతనాల కోడ్‌ను ఆమోదించింది. చట్టాల పేర్లు మారినా, పనిచేసినవాడి కూలి ఎవరు, ఏ కొలతతో నిర్ణయించాలన్న ప్రశ్న మారలేదు. నెల మొదట పెన్షన్ అందుకునే మనం, మన ఇంట్లో పనిచేసేవారికి, వీధి చివర దుకాణంలో కుర్రవాడికి ఏమి ముడుతున్నదో ఒకసారి ఆలోచిస్తే, గిరి గారిని స్మరించుకున్నట్లే.